చాప చివరి వంతు

మా ఇల్లు ఏరు సముద్రంలో కలిసే చోట, కర్రల మీద నిలబెట్టిన ఇల్లు. ఇంట్లో ఫోను పలికేది ఒక్క వంటింటి కిటికీ దగ్గరే. మా ఆయన షఫ్రుద్దీన్ పట్నంలోని సెల్ టవరు పని చూసేవారు. టవర్లెక్కే పని అని అందరూ అనుకునేవారు. కాదు. ఒకేసారి అన్ని ఫోన్లు అడుగుతుంటే ఎవరి వంతు ఎప్పుడు, ఎవరికెంత అన్నది టవరుకు చెప్పి పెట్టడం ఆయన పని.

వంటింటి మెట్టు మీద కూర్చుని, చేపల పులుసు కలుపుకుంటూ నాకు చెప్పేవారు.

"ఊరంతా చాపల మీద బారుగా కూర్చునే కెందురి విందులో గిన్నె పక్కనున్నవాడికి వడ్డించడం సులువు బైతీ. చాప చివరిదాకా వెళ్లొచ్చేలోపు ఇక్కడ నలుగురికి పెట్టేయొచ్చు. అలాగని దగ్గరవాళ్లకే పెడుతూ పోతే?"

"చివరివాడు ఖాళీ పళ్లెం ముందు కూర్చుంటాడు బాంగ్" అనేదాన్ని. మా వైపు పెళ్లాలు మొగుణ్ణి పిలిచే పిలుపు అది.

"టవరుకూ అదే బుద్ధి. దగ్గరి ఫోనైతే చిటికెలో అందుకుంటుంది. అందుకే ఎక్కువసేపు కాచుకున్నవాళ్ల వంతు ముందుకు జరుపుతాను. పడవల మీద ఉన్నవాళ్లంతా చాప చివరివాళ్లేగా."

పక్కింటి రోస్నా అక్క ఊరుకునేది కాదు. "ఊరందరికీ వంతులు పంచే మొగుడు! పెళ్లాం మాత్రం గబ్బిలంలా కిటికీకి వేలాడాలి. మన ఇళ్లవైపు ఓ గరిటె ఎక్కువ పెట్టవయ్యా తమ్ముడూ!"

"పెడితే రేపు విందులో నా మొహం ఎవరికి చూపించను అక్కా?" అని నవ్వేసేవారు.

అలా నవ్వే మనిషి, నిరుడు ఎండాకాలంలో గుండె ఆగి పోయారు.

మొన్న సాయంత్రం పట్నమంతా ఫోన్లలో ఫుట్‌బాల్ చూస్తోంది. గాలివాన లేచింది. రోస్నా అక్క భర్త జమాలుద్దీన్ పడవ తిరిగి రాలేదు. ఆమె తన ఫోను పట్టుకుని వచ్చి మా కిటికీ దగ్గర నిలబడింది. మాట పంపితే వెళ్లడం లేదు, అటునుంచి ఏమీ రావడం లేదు.

"ఆ బంతి చూసే వెధవలే అంతా మింగేస్తున్నారే బైతీ. మనకేం మిగులుతుంది?"

"మిగులుతుంది అక్కా. ఆయన పెట్టిన పద్ధతి ఎవరూ మార్చలేదు" అన్నాను. మార్చారో లేదో నాకేం తెలుసు? ఆమె చేయి పట్టుకుని నిలబడ్డాను. వానజల్లు ఇద్దరి మొహాలకూ కొడుతోంది.

చాలాసేపటికి ఫోను చిన్నగా మోగింది. గాలి హోరులో జమాలుద్దీన్ గొంతు.

"ఏడవకు. దీవి చాటున లంగరేశాం. వాన తగ్గాక వస్తాం. కూరలో మిరపకాయలు తగ్గించు, నిన్నటిది ఇంకా మండుతోంది."

"రా, నీ నోట్లో బుట్టెడు కుక్కుతాను ముసలోడా!" ఏడుస్తూనే తిట్టింది. నా భుజం మీద తల పెట్టి, "నీ మొగుడే వడ్డించాడమ్మా నాకు" అంది.

ఆమె వెళ్లాక కూడా నేను కిటికీ వదల్లేదు. పొయ్యి మీద అన్నం అడుగంటిన వాసన వస్తున్నా కదల్లేదు. ఆయన ఏ పడవా వెళ్లనంత దూరంలో ఉన్నారు. ఎక్కువసేపు కాచుకున్నవాళ్ల వంతు ముందుకు జరుపుతానని ఆయనే కదా అన్నారు.

నేను కాచుకునే ఉన్నాను, బాంగ్.