గంపల వీరన్న మావాడు కాకుండా పోయిన వేసవి

మా చిన్నప్పుడు... గంపలో మామిడికాయ ఎలా పెట్టాలో తెలియనివాణ్ణి మా శేషు బాబాయి అసలు మనిషి కిందే జమకట్టేవాడు కాదు.

తొడిమ కిందికి ఉండాలి. కోసిన కాయకి తొడిమ దగ్గర సొన కారుతుంది కదండీ... అది కింద ఎండుగడ్డిలోకి పోవాలి. తొడిమ పైకి పెడితే సొన కాయంతా పాకి నల్లమచ్చలు పడతాయి. నూజివీడులో మా నాన్నది మామిడికాయల వ్యాపారం. షెడ్డులో గంపలు కట్టించే పని నాన్న తమ్ముడైన ఈ బాబాయిది. వేసవి సెలవులంతా నేనూ ఆ గడ్డి మీదే.

ఆ రోజుల్లో 'గంపల వీరన్న' అని ఒక సినిమా వచ్చింది. పళ్ళగంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగే వీరన్న, గంప కదలకుండా పదిమందిని తన్నేవాడు. ఇంక చెప్పేదేముంది... మా ఊరంతటికీ వాడు మావాడే. చాట్రాయి నుంచి బళ్ళు కట్టుకుని మరీ వచ్చారు జనం. నేను నేల టిక్కెట్టులో మూడుసార్లు చూశాను.

బాబాయి ఆరుసార్లు చూసి, మద్రాసుకి ఒక కార్డు రాశాడు. "అయ్యా, వీరన్న గంపలో కాయలు తొడిమ పైకి ఉన్నాయి. ఏ గంపవాడూ అలా పెట్టడు" అని. ఇంట్లో అందరం పడీపడీ నవ్వాం. "పనీపాటా లేదు వీడికి" అంది నాయనమ్మ.

జవాబొచ్చిందండీ. సినిమా తీసినాయన సొంత దస్తూరీతో రాశాడు... మీరన్నది నిజమే, రెండో భాగంలో సరిచేస్తాం అని. అన్నట్టే పై వేసవికి రెండో భాగం వచ్చింది. మొదట్లోనే వీరన్న ఒక కాయ తీసి, తొడిమ కిందికి తిప్పి, గంపలో పెట్టాడు. బాబాయి హాల్లో లేచి నిలబడిపోయాడు. వెనకవాళ్ళు "కూర్చోవయ్యా బాబూ" అని కసిరారు. కూర్చోలేదు. కళ్ళు తుడుచుకుంటున్నాడని పక్కనున్న నాకొక్కదానికే తెలుసు.

ఆ సినిమా చివర్లో వీరన్న, తప్పిపోయిన తల్లిని వెతుక్కుంటూ ఏరు దాటుతాడు. 'మిగతా కథ మూడో భాగంలో' అని వేశారు. ఇంక ఏడాదంతా మాకు అదే ధ్యాస... తల్లి దొరుకుతుందా, దొరకదా? బాబాయైతే మా గంపలకి అంటించే కాగితాల మీద 'గంపల వీరన్న రసాలు' అని అచ్చు వేయించాడు. బొమ్మ కూడా తనే గీశాడు. మీసం కొంచెం ఎక్కువైంది.

అంతలో పేపర్లో పడింది. సినిమా తీసినాయన ఒంట్లో బాగోక కంపెనీ అమ్మేశాడట. కొన్నది బొంబాయిలో ఒక పెద్ద కంపెనీ. సబ్బులు వాళ్ళవే, టైర్లు వాళ్ళవే, బిస్కెట్లు వాళ్ళవే... ఇప్పుడు వీరన్న కూడా వాళ్ళవాడే.

మూడో భాగం తీస్తారో తీయరో అని బాబాయికి బెంగ పట్టుకుంది. ఒక గంప చిన్నరసాలు కట్టాడు. బొంబాయి చేరేసరికి సరిగ్గా పండేలా ఒక్కో కాయా తనే ఏరాడు. ఉత్తరం రాశాడు... వీరన్నకి తల్లిని చూపించండి, గంప సంగతి మర్చిపోకండి, వాడంటే మాకెంత ప్రాణమో మీరే చూడండి అని. చూడ్డానికి గంపలకి అంటించే మా వీరన్న కాగితం ఒకటి జతచేశాడు.

అదే చేసిన పొరపాటు. ముచ్చటపడతారనుకున్నాడు పిచ్చిమారాజు.

హనుమాన్ జంక్షన్ దాకా బస్సులో ఆ గంప ఒళ్ళోనే పెట్టుకుని వెళ్ళి లారీకెక్కించాడు. నేనూ వెళ్ళాను. లారీ కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడ్డాం.

ఇరవై రోజులకి రిజిస్టర్ పోస్టులో జవాబు. అంతా ఇంగ్లీషు. మా హెడ్మాస్టారి దగ్గరికి పట్టుకెళ్ళాం. ఆయన రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి,

"ఆ పేరూ, బొమ్మా వాళ్ళ సొత్తటరా శేషూ. నువ్వు వాడితే కోర్టుకి లాగుతారట" అన్నారు.

"తల్లి దొరుకుతుందో లేదో ఏమన్నా రాశారా మాస్టారూ?"

"లేదురా."

"కాయలు అందాయనైనా...?"

మాస్టారు కాగితం మడిచి చేతిలో పెట్టారు.

"వ్యాపారం చేసుకునేవాళ్ళం, మనకెందుకురా కోర్టులు" అన్నాడు నాన్న. ఆ సాయంత్రం నీళ్ళ కాగు కింద వీరన్న కాగితాలన్నీ కట్టలు కట్టలుగా మండాయి. ఆ వేణ్ణీళ్ళతోనే నాకు తలంటు పోశారు. నేను ఏడుస్తుంటే కుంకుడురసం కళ్ళల్లో పడిందనుకుంది అమ్మ.

మూడో భాగం వచ్చింది లెండి. వీరన్న మోటారు సైకిలెక్కాడు. గంప లేదు. తల్లి ఊసే లేదు. బాబాయి ఇంటర్వెల్‌లో లేచి వచ్చేశాడు. నాలుగేళ్ళ కిందట పోయాడు... పోయేదాకా మళ్ళీ సినిమా హాలు గడప తొక్కలేదు.

మొన్న జంక్షన్‌లో బస్సు కోసం ఆగి ఒక షాపులో చూశాను. మామిడి రసం ప్యాకెట్ మీద గంపల వీరన్న. మా చేత కాల్పించిన పేరు... మామిడి రసం మీద. గంపలో కాయలు, తొడిమలన్నీ పైకే. ఒళ్ళు మండిపోయింది నాకు. ఇంటికొచ్చి ప్యాకెట్ మీదున్న నంబరుకి ఫోన్ చేశాను. తెలుగు కోసం రెండు నొక్కమంది. నొక్కాను. పాట వస్తూనే ఉంది... ఎవరూ ఎత్తలేదు. మద్రాసాయనకైతే పదిహేను పైసల కార్డు చాలింది. వీళ్ళకి ఎవరికి చెప్పుకోవాలండీ? చెప్పినా వినే మనిషంటూ ఒకడు ఉండాలి కదా.

ఆ ఏడు వీరన్న కాగితంతో మా గంపలు ఏ ఊరెళ్ళాయో... చింతలపూడో, ఇంకా అవతలికో. మీ ఇళ్ళల్లో పాత ట్రంకుపెట్టె అడుగున ఎక్కడైనా ఆ కాగితం కనబడితే ఒక్క ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. మీసం కొంచెం ఎక్కువైన వీరన్న... మా దగ్గర ఒక్కటీ మిగల్లేదు.