చుక్కను తాకని గీత

మొన్న మా చిన్న కోడలు, కొత్తగా బడిలో చేరిన పంతులమ్మ, పిల్లలకు బొమ్మలు నేర్పే పాఠాలు నెట్‌లో ఉచితంగా వేలకు వేలున్నాయత్తమ్మా, ఏది ఎంచుకోవాలో తెలియడం లేదని తల పట్టుకుని కూర్చుంటే నాకు నవ్వాగలేదు. ఒక్కటంటే ఒక్కటి దొరికితే చాలు తండ్రీ అని నేను మొక్కుకున్న రోజులు గుర్తొచ్చాయి మరి.

రెండువేల నాలుగో, ఐదో. పర్ణశాల పోయే దారిలో, అడవి పల్లెల ఆడపిల్లలుండే హాస్టలు బడిలో నేను కాంట్రాక్టు టీచర్ని. చెప్పేది తెలుగు. డ్రాయింగు మాస్టారు బదిలీ అయి పోగానే, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయన్న ఒక్క పాపానికి పెద్ద టీచరమ్మ ఆ పీరియడు నా మెడకు కట్టింది. నేను ఆవును గీస్తే మేకా అని అడిగేవాళ్ళు, అదీ మర్యాదస్తులైతే! ఇంతలో జిల్లా ఆఫీసు నుంచి పెద్దసారు తనిఖీకి వస్తున్నారనీ, పిల్లల బొమ్మలు చూశాకే నన్ను ఉంచేదీ తీసేదీ తేలుస్తారనీ కబురొచ్చింది. మా ఆయన నడుం విరిగి మంచాన ఉన్న రోజులవి, ఆ కొలువు పోతే ఇల్లు గడవదు. అన్నం సయించేది కాదు నాకు.

కొత్తగూడెంలో మా ఆయన దోస్తు, ఒక భాయ్, నెట్ సెంటరు నడిపేవాడు. ఫికర్ చెయ్యకు భాభీ, అన్నీ ఉత్తగనే దొరుకుతయి అని కుర్చీ వేశాడు. డ్రాయింగ్ అని కొడితే సోఫాలూ కర్టెన్లూ వచ్చాయి, డ్రాయింగు రూములట, నా ఖర్మ! రెండు ఆదివారాలు వెతగ్గా వెతగ్గా, ఏ దేశపు టీచరో పిల్లల కోసం పెట్టిన పేజీ ఒకటి తగిలింది. చుక్కలు, పక్కన అంకెలు, వరసగా కలుపుకుంటూ పోతే బాతు తయారు. పైన ఉచితమని కూడా రాసి ఉంది. ఆ మహాతల్లి ఎవరో గానీ పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.

ముందే ఇస్తే నలిపేస్తారని దాచి, తనిఖీ నాటి పొద్దున జిరాక్సులు పంచాను. పిల్లలు తలెత్తకుండా గీస్తుంటే మురిసిపోతూ వెళ్ళి చూద్దును కదా, ఒక్క కాగితంలోనూ బాతు లేదు! అంకెల వంక చూసినవాళ్ళే లేరు. వాకిట్లో అమ్మ వేసే మెలికల ముగ్గులాగా చుక్కల చుట్టూ గీతను తిప్పి తిప్పి వదిలారు. బాతేదే తల్లుల్లారా అని నెత్తి కొట్టుకుంటుండగానే బయట జీపు ఆగింది.

పెద్దసారు ఒక కాగితం తీసి అటూ ఇటూ తిప్పి, ఇదేందమ్మా అన్నారు. ఏదో అబద్ధం అల్లబోయాను గానీ నోరు రాలేదు. నాకు బొమ్మలు రావు సార్, నెట్‌లో వెతికి తెచ్చాను, బాతు రావాలె, రాలేదు అని ఉన్నదున్నట్టు కక్కేశాను. అంతలో ముందు బెంచీ పిల్ల లేచి, "చుక్కను గీత తాకొద్దు సార్, తాకితే ముగ్గు చెడుతది. మా టీచరుకు తెల్వదు" అన్నది. చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. ఆయన పకపకా నవ్వి, ఆ గీత ఎక్కడ బయల్దేరి ఎక్కడ కలిసిందో వేలితో వెంబడించి చూసి, "నీకు రాకున్నా పిల్లలకొచ్చినయి గదమ్మా, గిట్లనే కానియ్యి" అన్నారు.

జీపు మలుపు తిరిగిందో లేదో, వంటగది అరుగు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ వెంటనే ఎక్కడలేని ఆకలి! వంటామె పప్పుచారు పోస్తే సిగ్గు విడిచి రెండుసార్లు మారు పెట్టించుకున్నాను. మర్నాటి నుంచి డ్రాయింగు పీరియడులో సుద్దముక్క ఆ పిల్ల చేతికిచ్చి నేను బెంచీ మీద కూర్చునేదాన్ని.

ఇప్పుడు ఆ పల్లెలకూ సిగ్నల్ వచ్చింది, గడపల ముందు ముగ్గుల స్టిక్కర్లూ వచ్చాయి. ఎవరికి ఏది రాకపోయినా క్షణంలో దొరుకుతున్నది, మంచిదే, నాలాగా ఎవరూ హడలి చావనక్కర్లేదు. కాకపోతే, నాకిది రాదు, కాస్త నేర్పు బిడ్డా అని ఒక టీచరు పిల్లను అడగాల్సిన అవసరం కూడా లేకుండా పోయింది.