బావ వేయించిన సగం నేల

మా బావ పోయిండు. మా అక్క మొగడు. కరోనా రెండోసారి సూరత్‌ల జొచ్చినప్పుడు దవాఖానకు తీస్కపోయిన్రు, మళ్ల ఇంటికి రాలే. మేనల్లుడు ఫోన్ చేసి "మామా, బాపు పోయిండు" అన్నడు, పెట్టేసిండు. దవాఖానోళ్లు ముఖం సుత చూపియ్యలే.

ఆయన గురించి మంచి చెప్పనీకే కూసున్న. చెప్త. కాని ముందుగాల నా కడుపుల ఉన్నది కక్కుత. ఆ మనిషి నా ఇంటి ముందర, నేను పిలిచిన మేస్త్రీని వాపస్ పంపిండు. ఏండ్లు గడిచినా అది నాకు మంటనే.

మా ఇంట్ల బండలు పగిలినయ్. వాటి మీదికెల్లే కొత్త లాది వేయిద్దామనుకున్న. టైల్స్‌ను ఇక్కడ లాది అంటరు. సామాను దిగింది, మేస్త్రీ వచ్చిండు. బావ ఎక్కడికెల్లి ఊడిపడ్డడో.

"ఏం బామ్మర్దీ, పాత నేల మీదనే వేస్తున్నవా?"

"అవు. నా ఇల్లు, నా ఇష్టం."

"నీ తలుపు లోపలికి తెరుస్తవా, బయటికా?"

"లోపలికి."

"అయితే రేపటికెల్లి కిటికీల నుంచి దుంకు. గడప సుత మునుగుతది. పండుగ నాడు నీ పెండ్లాం, మా చెల్లె, పసుపు దేనికి రాయాలె, నీ నెత్తికా?"

చుట్టుపక్కలోళ్లంత పక్కున నవ్విన్రు. ఆయన మేస్త్రీకి హిందీల ఏందో చెప్పిండు, మేస్త్రీ సంచి సదురుకొని పోయిండు. నేల ఎంత లేస్తదో అంత తలుపును అడుగున కోయిస్తే అయిపోతుండె గద! గంత దానికి మనిషిని నవ్వులపాలు చేస్తరా? ఇప్పటికీ మా ఇంట్ల అవే పగుళ్లు. ఆయన బతికుండంగ మళ్ల మేస్త్రీని పిలువొద్దని పంతం పట్టిన.

అట్లని ఆయన పరాయోడు కాదు. నన్ను ఊరికెల్లి సూరత్ తెచ్చి మగ్గం కాడ నిలబెట్టింది ఆయనే. ఈడ నేను తిన్న మొదటి బువ్వ వాళ్లింట్లదే. ఎవరింటికి పోయినా ముందు నేల జూసేటోడు, తర్వాత మనుషుల జూసేటోడు. అక్కకు సిగ్గయ్యేది.

తన ఇంటి నేల మార్చాల్నంటే ఏం చేసిండనుకున్నరు? మేస్త్రీ మొఖం చూడక ముందే, పని నడుస్తున్నట్టు ఇంట్ల అందరిని బతకమన్నడు. పొయ్యి బయట గ్యాలరీలకు, అంటే బాల్కనీలకు, పోయింది. పక్కబట్టలు, బియ్యం డబ్బ ముందటి అర్రలకు వచ్చినయ్. వెనక అర్రకు అడ్డంగ సుద్దముక్కతోటి గీత గీసి "ఇక్కడ పచ్చి సిమెంటున్నది, కాలు పెట్టొద్దు" అన్నడు. అక్క మరిచి గీత దాటితే "అయ్యో, పాదం పడ్డది, మళ్ల పొయ్యాలె!" అని ఉత్తగనే మొత్తుకునేటోడు.

నేను పోయిన పూట గాలికి పొయ్యి ఊకె ఆరుతున్నది. అక్క నన్ను జూడంగనే అందుకున్నది. "మిల్లు మానేసినంక ఈయనకు పిచ్చి లేసింది తమ్మీ. లేని సిమెంటుకు భయపడి చస్తున్న."

బావ నవ్విండు. "పడుగు దారాలు సాపు జేస్కోకుండ మగ్గం నడుపుతమా? పొయ్యికి రేకు అడ్డం కావాల్నని ఇయ్యాల తెలిసింది. పనినాడు తెలిస్తే నువ్వు నన్నే కాలుస్తుంటివి."

తర్వాత మేస్త్రీలొచ్చిన్రు. ముందటి అర్ర పూర్తయింది. వెనక అర్ర తవ్వి, కింద కచ్చా సిమెంటు పోసిన్రు. గంతల లాక్‌డౌన్ పడ్డది. మిల్లులు ఆగినయ్, మేస్త్రీలు వాళ్ల ఊర్లకు పోయిన్రు. నాకు సందు దొరికింది. ఫోన్ కొట్టిన.

"ఏం బావా, కరోనా సంగతి ముందుగాల చూస్కోలేదా?"

"చూస్కోలే బామ్మర్దీ. కాని మీ అక్క రేకు చాటుకు బేఫికర్‌గ రొట్టెలు కాలుస్తున్నది. గిదే నీ ఇంట్లనైతే ఈపాటికి వంట మెట్ల మీద నడుస్తుండె."

కోపమొచ్చి పెట్టేసిన. పెట్టేసినంక నవ్వొచ్చింది.

బయట తిరుగనిచ్చినంక చూడబోయిన. మాస్కు గదుమకు దించుకొని, రెండు అర్రలు కలిసే ఎత్తుపల్లం కాడ నేల మీద కూసొని అరచేతితోటి తడుముతున్నడు. "ఇంకెంత కాలం? ఎవడో ఒక్క మేస్త్రీని పట్టి కానియ్యరాదు?" అన్న. అక్క వింటున్నదేమోనని అటు జూసి, గొంతు తగ్గించిండు.

"మీ అక్క మోకాళ్లు పోయినయ్. కాలు ఎత్తలేక గీరుకుంట నడుస్తున్నది, చెప్తే ఒప్పుకోదు. ఈడికెల్లి బాత్రూం దాక అంత ఒక్క మట్టం కావాలె. తెల్వనోడు వేస్తే జరంత ఎత్తు తప్పుతది. ఆ జరంతకే పడుతది. మన మేస్త్రీనే రానీ."

చాయ తాగి వచ్చిన. ఆ మేస్త్రీ రాకముందే రోగం వచ్చింది.

ఇప్పుడు మేస్త్రీ వాపస్ వచ్చిండు, నేనే కనుక్కున్న. మళ్ల గదే రంగు దొరకదని బావ ముందే తెచ్చిపెట్టిన లాది పెట్టెలు మంచం కిందనే ఉన్నయ్. మేనల్లుడేమో ఊరు అవతలి పక్క అడాజన్ల ఫ్లాటు తీస్కున్నడు. "ఆ ఇల్లు అమ్ముదాం మామా, లాది దేనికి దండుగ" అంటడు. అక్క ఇల్లు ఇడిసి రానంటది.

మొన్న పోయినప్పుడు అక్క కొత్త నేల అంచు మీద నిలబడి ఉన్నది. ఒక చెయ్యి గోడకు ఆనిచ్చి, ఒక కాలు కిందికి జార్చి, సిమెంటు ఎక్కడున్నదో వేళ్లతోటి దేవులాడుతున్నది. నేను వచ్చింది సుత ఆమెకు తెల్వలే.

అల్లుడా, ఇది నీకే. ఫోన్ల అడిగితే "చూద్దాం మామా" అంటున్నవ్. అందుకే నలుగురు చదివే కాడ అడుగుతున్న. మీ అమ్మ ఆ అర్రల నడవాల్నా, ఆ అంచు కాడనే ఆగాల్నా? రాఖి పున్నం నాడు నేను ఆమె దగ్గరుంట. ఆ పొద్దటికి నాకు జవాబు కావాలె.