నల్ల పెట్ట కింద తెల్ల పిల్లలు

నా చిన్నప్పుడు, అంటే నాకు తొమ్మిదేళ్ళు నిండి నాలుగు నెలలైనప్పుడు, మా చెల్లెలి కళ్ళను ఎందరు మెచ్చుకున్నారో లెక్క పెట్టేదాన్ని. మెచ్చినవారికొక గీత చొప్పున తలుపు వెనక గోడ మీద బొగ్గుతో గీసేదాన్ని. ఒక్క నెలలో పద్నాలుగు గీతలు పడ్డాయి. నా కోసం పక్కనే వదిలిన జాగాలో ఒక్కటీ పడలేదు.

మాది దేవరుప్పులకు దగ్గర్లో చిన్న ఊరు. ఇంట్లో ఐదుగురం. అమ్మ, బాపు, బాపు తల్లి అయిన బాపమ్మ, నేను, నాలుగేళ్ళ చెల్లెలు. నలుగురివి కటిక నల్ల కళ్ళు. చెల్లెలివి మాత్రం తేనెలో పచ్చ కలిపినట్టుండే పిల్లి కళ్ళు. గాజులు అమ్మే ఆమె వస్తే "అరె, ఏం కండ్లే బేటీ నీవి!" అని దానికి రెండు గాజులు ఎక్కువ తొడిగేది. నాకు అన్నీ లెక్క ప్రకారమే. ఆ రెండు గాజుల చప్పుడు రోజంతా నా చెవుల్లోనే ఉండేది.

ఆ ఏడు పల్లికాయ తెంపే రోజుల్లో ఆ కుళ్ళు నా నోట బయటపడింది. పీకిన చెట్లను కుప్ప వేసి, పది మంది ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని కాయలు తెంపుతున్నారు. అమ్మా వాళ్ళలోనే ఉంది. పక్క చేను ఆమె చెల్లెల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఎవలి పోలికనే వదినె గీ పిల్లది?" అని నవ్వింది. అమ్మ నోరు విప్పేలోపే నేను అందుకున్నాను. "మా ఇంట్ల ఎవలికీ గిట్ల లేవు. నేను లెక్కవెట్టిన. గిది మాది కాదు."

చెల్లెలికి దక్కే మెప్పు కాస్త తగ్గాలన్నదే నా ఆలోచన. ఆ మాట అమ్మ మీద పడుతుందని నాకు తెలియదు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో "పిల్ల లెక్క పక్కా ఉన్నదే" అన్నారు. అమ్మ తలెత్తకుండా కాయలు తెంపుతూనే ఉంది.

సాయంత్రానికి ఆ మాట బాపు చెవిన పడింది. మూడు రోజులు ఆయన అమ్మ చేతి అన్నం తినలేదు. నాలుగో రోజు, "పిల్లను దీస్కొని నీ తల్లిగారింటికి పో" అన్నాడు. అమ్మ పుట్టిల్లు కేసముద్రం వైపు. అమ్మ రెండు చీరలు, చెల్లెలి బట్టలు గంపలో సర్దుకుంది. నా బట్టలు అందులో లేవు.

బాపమ్మ అడ్డం వచ్చింది. తన తల్లివీ అవే కళ్ళని చెప్పింది. ఆమె బాపు పుట్టకముందే చనిపోయింది, బాపమ్మ తప్ప చూసినవాళ్ళెవరూ మిగల్లేదు. "కోడల్ని ఎనకేసుకొస్తున్నవవ్వా" అన్నాడు బాపు.

"సరే కొడుకా, నా మాట నమ్మకు. నల్ల పెట్ట పొదుగు లేచేదాంక ఆగు. తొమ్మిది దినాలే. తర్వాత నీ ఇష్టం."

ఆ పెట్ట సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ ఏడు కొక్కెర తెగులు వచ్చి ఊళ్ళో కోళ్ళు చాలా పోయాయి. మా ఇంట్లో ఒక నల్ల పుంజు, ఇంకా గుడ్డుకు రాని ఒక నల్ల పెట్ట మిగిలాయి. రెండూ ఒకే పొదుగులో పుట్టినవి. బయటి కోళ్ళ గాలి తగలకూడదని బాపమ్మ ఆ రెండింటినీ ఖాళీ మేకల కొట్టంలో పెట్టించింది. రోజూ తలుపు తీసి మేత వేసేదీ, తిరిగి గడియ పెట్టేదీ బాపే. పెట్ట అక్కడే గుడ్డుకొచ్చింది. పదమూడు గుడ్లతో పొదుగు వేశారు. ఏ రోజు వేశారో రాసిపెట్టింది నేనే.

ఆ తొమ్మిది రోజులు బాపమ్మ నన్ను ఒక్క తిట్టూ తిట్టలేదు. "నీకు లెక్కలొస్తయి గద, పొద్దుగాల ఒకసారి, మాపటికొకసారి జూసి చెప్పు" అని ఆ పని నాకు అప్పగించింది. నేను కొట్టానికి పోయేటప్పుడల్లా వసారాలో అమ్మ సర్దిన గంప కనిపించేది. దాన్ని తాకకుండా గోడ వారగా పోయేదాన్ని. చెల్లెలికి ఏమీ తెలియదు. నా లంగా అంచు పట్టుకుని వెంట వచ్చేది, గుడ్లు ఎప్పుడు పలుగుతాయని అడిగేది.

ఇరవై ఒకటో రోజు గుడ్లు పలిగాయి. రెండు మురిగిపోయాయి, పదకొండు పిల్లలయ్యాయి. బాపమ్మ బాపును, అమ్మను కొట్టం దగ్గరికి పిలిచి నన్ను లెక్క పెట్టమంది. నల్లవి ఎనిమిది. మిగతా మూడూ పాలిపోయిన పసుపు. అవి ఎదిగితే తెల్లవవుతాయని మా అందరికీ తెలుసు.

బాపమ్మ ఒక తెల్ల పిల్లను తీసి బాపు అరచేతిలో పెట్టింది. "పెట్ట నలుపే, పుంజు నలుపే. మరి గిది ఏడికెల్లొచ్చె? కొట్టంల ఇంకో పుంజు దూరిందేమో కొడుకా."

"యాడికెల్లి దూరుతది? గడియ వెట్టేది నేనే గద" అన్నాడు బాపు చిరాకుగా. తను ఏమన్నాడో తనకే అర్థమైంది. అరచేతిలోని పిల్లను దించలేక, పట్టుకోలేక అలాగే నిలబడ్డాడు.

ఆ పుంజుకూ పెట్టకూ తాత వరసయ్యే పాత పుంజు తెల్లదని, రెండేళ్ళ కిందట మనమే వండుకు తిన్నామని బాపమ్మ గుర్తు చేసింది. ఆ తెలుపు రెండింటి లోపలా దాగి ఉందని, ఇటు నుంచీ అటు నుంచీ వచ్చి కలిసిన పిల్లలోనే బయటపడిందని చెప్పింది. అప్పుడు అమ్మ పదమూడు రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పింది. "మా అమ్మ వాళ్ళ నాయినవి గూడ గవే కండ్లు. నన్ను ఎవలన్న అడిగిన్రా?"

ఎవరం అడగలేదు. బాపు గంపలోని చీరలు తీసి తనే దండెం మీద వేశాడు.

నన్ను ఎవరూ కొట్టలేదు. బాపమ్మ మాత్రం ఆ సాయంత్రం నా తల దువ్వుతూ, "నీ లోపట గూడ దాగున్నదేమో బిడ్డా, ఎవలు జూసిన్రు" అంది. సిగ్గుపడాల్సిన నేను ఆ మాటకు లోపల్లోపల సంతోషపడ్డాను. గోడ మీది గీతలు మర్నాడే తుడిచేశాను.

జనగామలో పై తరగతులు చదువుతున్నప్పుడు సైన్సు మాస్టారు బోర్డు మీద అక్షరాలు జంటలు జంటలుగా రాసి ఈ సంగతే చెప్పారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. రెండూ దాగేవే అయితేనే ఆ గుణం బయటికి కనిపిస్తుంది. నేను వెంటనే నా లెక్క వేసుకున్నాను. నాలో ఆ కళ్ళు దాగి ఉండే అవకాశం మూడింట రెండు. నా ముగ్గురు పిల్లలు పుట్టినప్పుడూ, ఐదుగురు మనవలు పుట్టినప్పుడూ రెప్పలు విప్పి చూశాను. ఎనిమిది మందివీ నల్లవే. కళ్ళ రంగు అంత తేలిక లెక్క కాదని, దానిలో చాలా జన్యువుల చెయ్యి ఉంటుందని నా కూతురి కూతురు ఈ మధ్య చెప్పింది. అది భూపాలపల్లిలో రక్త పరీక్షలు చేస్తుంది. నేను అన్నేళ్ళు పట్టుకున్న లెక్క తప్పని తేలినందుకు రెండు రోజులు నాకు మనసు బాగాలేదు.

అయితే కొన్ని రక్త రోగాలకు ఆ లెక్క సరిపోతుందని కూడా అదే చెప్పింది. అందుకే పోయిన ఏడు నా కొడుకు కొడుక్కి, చెల్లెలి కూతురి కూతురికి పెళ్ళి మాటలు నడిచినప్పుడు, ముహూర్తం కంటే ముందు రక్త పరీక్ష అన్నాను. వాళ్ళు వరసకు బావామరదళ్ళు, కాబట్టి ఒకే దోషం ఇద్దరిలోనూ దాగి ఉండవచ్చు. చెల్లెలికి కోపం వచ్చింది. "ఏందక్కా, మా పిల్ల మీద అనుమానమా?" అంది.

ముందు మా పిల్లవాడికే చేయించాను. పైకి ఏ జబ్బూ లేదు కాని, తలసేమియా గుణం ఒక పాలు లోపల ఉందని తేలింది. ఆ చీటీ అందరి ముందూ నేనే చదివాను. తర్వాత చెల్లెలు తన మనవరాలిని తనే తీసుకుపోయింది. ఆ అమ్మాయిలో ఏమీ లేదు. ఒకరిలోనే ఉంటే పిల్లలకు ఆ రోగం రాదు, పెళ్ళికి అడ్డు లేదన్నారు. పెళ్ళి జరిగింది.

చెల్లెలి వైపు చీటీ శుభ్రంగా వచ్చినప్పుడు, ఈ వయసులోనూ నా కడుపులో చిన్న మంట లేచింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? నా కుళ్ళు నన్ను వదల్లేదు. ఆ పల్లికాయ కుప్ప దగ్గర మాత్రం దాన్ని చెల్లెలి మీద మాటగా విసిరాను. ఇప్పుడు అది లేచినప్పుడల్లా నోరు మూసుకుని ముందు నా ఇంటివైపే చూసుకుంటాను. ఆ రోజు నుంచి నేను పట్టుకుని ఉన్న నియమం అదొక్కటే.