ఈ ఏడాది రాని నాలుగో క్యాసెట్

మన పాటల కంపెనీ అన్న కార్తీకంలో ఒక శనివారం పొద్దున పోయారు. నేను పెరుమాళ్ళ గుడిలో తులసి మాల కడుతున్నాను. వదిన ఫోన్ చేసింది. "నీ అన్న కుర్చీలో కూచోని ఉండారు మా. పిలిస్తే పలకలేదు. నువ్వు కొంచెం రా" అంది. గొంతులో ఏడుపు లేదు. మాల సగంలో వదిలి వెళ్ళాను. ఆయన చెవులకు హెడ్‌ఫోన్ అలాగే ఉంది. లోపల ఏదో పాట ఇంకా నడుస్తూ ఉంది.

మా పాటలు తెప్పించుకునే మీ అందరికీ, ఆ ఏడాది తెచ్చిన పాటల గురించి ఏడాది చివర ఒక పేజీ రాయడం ఆయన అలవాటు. ఈసారి వదిన నన్ను రాయమంది. నేను తమిళ బడిలో హైస్కూలు దాకా చదివాను. తెలుగు అక్షరాలు భజన పుస్తకం చూసి నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

కంపెనీ అంటే పెద్దదనుకోకండి. కోయంబత్తూరులో ఆయన ఇంటి ముందు గది. గోడలకు పాత పరుపులు, ఒక మైకు, ఒక కంప్యూటర్. ఆయన పని పంపుసెట్ మోటార్లకు రాగి తీగ చుట్టడం. పగలు మోటార్లు, తీరిక దొరికితే పాటలు. ఎన్నో తరాల కింద మన పెద్దలు ఈ తమిళ నేలకు వచ్చినప్పుడు నోట మోసుకొచ్చిన పాటలు, మన ఇళ్ళలో ఇంకా ఎవరికైనా గుర్తున్నవి, అవే ఆయనకు కావాలి. పాటలు ఫోన్లలోకి వెళ్ళి ఎన్నేళ్ళయినా ఆయన ప్రతి ఆల్బమ్‌నూ క్యాసెట్ అనే అనేవారు. "ఈ ఏడాది నాలుగు క్యాసెట్లు మా" అని ఉగాది రోజే చెప్పారు.

నేను సొంత చెల్లెల్ని కాను, రెండు వీధుల అవతల ఉంటాను. భజనలో నా గొంతు విని పిలిచారు. వంత పాడడం, పాటల మాటలు రాసుకోవడం నా పని. మా పేటలో పవర్‌లూములు ఆగవు. ఆ మోత పరుపుల గోడలు దాటి కూడా వచ్చేది. అందుకే రిపేరు కోసం ఊరంతా కరెంటు ఆపే రోజే మాకు రికార్డింగ్ రోజు. ఆ రోజు ఎప్పుడో పేపర్లో వేస్తే అందరూ తిట్టుకుంటారు. ఆయన మాత్రం ఆ ముక్క చింపి గోడకు అంటించేవారు. "రేపు షట్‌డౌన్ మా. కాఫీ తాగి రాకు, పాలు గొంతును పట్టుకుంటాయి" అని ఫోన్ చేసేవారు. బ్యాటరీ మీద రికార్డింగ్ మిషన్ పెట్టి, ఉక్క గదిలో తలుపు మూసి, చెమటలు కారుతూ పాడేవాళ్ళం. ఎవరైనా తడబడితే, "తప్పు పాడినా పరవాయిల్లే, నిలపవద్దు" అనేవారు.

మొదటి క్యాసెట్ అవినాశి వైపు నలుగు పాటలు. పాడినవాళ్ళు బనియన్ కంపెనీలో పనిచేసే తోడికోడళ్ళు. వాళ్ళలో పెద్దావిడ హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, "ఏమన్నా, ఇది నేనేనా? నా గొంతు ఇంత బాగుండాదా? ఇంట్లో పాడితే మా ఆయన చెవులు మూసుకుంటాడే!" అంది.

"ఆయన్ను పిల్చుకురా. ఈ హెడ్‌ఫోన్ తగిలిస్తా. మూసుకొనేకి లేదు" అన్నారు అన్న.

ఆ నవ్వు కూడా పాట చివర అలాగే ఉంచేశారు. మీరు వినే ఉంటారు. తరువాత ఆవిడ కూతురి పెళ్ళికి మమ్మల్ని పిలిచారు. మండపంలో పెద్ద స్పీకర్లలో సినిమా పాటలు మోగుతున్నాయి. నలుగు పెట్టేటప్పుడు కూడా అవే. ఆవిడ అన్న దగ్గరికి వచ్చి, "పిల్ల వద్దనింది అన్నా. ఫ్రెండ్స్ నవ్వుతారంట" అని తల వంచుకుంది. "దాంట్లో ఏముండాది మా, పిల్ల సంతోషమే దా ముఖ్యం" అని ఆయన అక్షింతలు వేశారు.

రెండోది మదురై క్రిస్మస్ పాటలు. మాట్టుతావణి కూరగాయల మార్కెట్లో మూటలు దించే ఒక పెద్దాయన, తన తాత కాలం నుంచి ఇంట్లో పాడుకుంటున్న తెలుగు పాటలు. వంత పాడేకి నన్ను రమ్మన్నారు. నేను వెంటనే ఒప్పుకోలేదు. పెరుమాళ్ళను అడిగి చెప్తానన్నాను.

"మీ పెరుమాళ్ళకు తెలుగు వచ్చునా?" అని ఏడిపించారు.

"ఆయనకు అన్నీ వచ్చు అన్నా."

"అట్లైతే ఆ పెద్దాయన పాట కూడా ఆయనకు అర్థమైతుంది గదా. ఇంకేమి?"

వెళ్ళాను. మధ్యాహ్నం మార్కెట్ సద్దుమణిగాక వాళ్ళింట్లో పాడాము. ఆ పెద్దాయన కళ్ళు మూసుకుని పాడుతుంటే నాకు గుడిలో నిలబడినట్టే ఉంది. ఆయన కూతురు అన్నం పెట్టి, "మా చర్చిలో అంతా తమిళమే అన్నా. నైనా ఒక్కడే కూచోని పాడుకుంటాడు. ఎవరు వింటారు దీన్ని?" అని అడిగింది. "నేను విన్నా గదా" అన్నారు అన్న. ఆ అమ్మాయి మర్యాదగా నవ్వింది.

మూడోది ఉయ్యాల పాటలు. పాడినవాళ్ళందరూ అవ్వలే. దాన్ని తెప్పించుకున్న ఒక చిన్న తల్లి, "పాప బాగా నిద్రపోతా ఉంది సార్. కానీ ఏమి పాడుతున్నారో నాకు తెలియలేదు. తమిళంలో అర్థం పంపుతారా?" అని అడిగింది. ఆమె మన తెలుగు ఇంటి పిల్లే. అన్న కూర్చుని అర్థం అంతా రాసి పంపారు. ఆ పూట అన్నం ముట్టలేదని వదిన చెప్పింది.

నాలుగో క్యాసెట్ చావు పాటలు. అది ఆయనకు ఎన్నో ఏళ్ళ ఆశ. మన ఇళ్ళలో మనిషి పోతే ఆడవాళ్ళు తెలుగులో ఎత్తి ఏడ్చే పాటలు ఉండేవి. ఇప్పుడు ఎక్కడ చూసినా తమిళ ఒప్పారి పాడుతున్నారు, లేదంటే అదీ లేదు. ఆ తెలుగు పాటలు తెలిసిన మనిషి అన్నకు దొరికింది ఒక్కరే, ఆయన సొంత చిన్నమ్మ. వయసు ఎనభై దాటింది. ఆమెకు పాటలన్నీ గుర్తున్నాయి కానీ పాడదు.

"చావు లేని ఇంట్లో ఆ పాట ఎత్తకూడదు రా. పిలిచినట్టు అయితుంది" అనేది.

"ఇల్లు వద్దు చిన్నమ్మా. లాడ్జిలో రూము తీస్తా, ఆడ పాడు."

"లాడ్జికా! మీ చిన్నాయన ఉన్నప్పుడే నేను లాడ్జి వాకిలి తొక్కలేదు. ఈ వయసులో నా పేరు చెడగొట్టేకి వచ్చినావా?"

పకపకా నవ్వేవాళ్ళం. కానీ ఆమె మాట మారలేదు. ఎవరైనా పోయిన చోటికి వచ్చి రికార్డు చేసుకో అంది. ఒకసారి ఒక బంధువు పోతే అన్న సంచిలో మిషన్ పెట్టుకుని వెళ్ళారు. ఆ రోజు చిన్నమ్మ పాట ఎత్తింది కూడా. సంచి తెరవకుండానే తిరిగి వచ్చారు. "ఏడ్చేవాళ్ళ నోటికాడ మైకు పెట్టేకి నాకు చెయ్యి రాలేదు మా" అన్నారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఆ రోజే. ఆ పాటలు ఇక దొరకవని భయం వేసిందీ ఆ రోజే.

దారి చివరికి చిన్నమ్మే చెప్పింది. ఈ ఆశ్వయుజంలో తనంతట తానే అన్నను పిలిపించింది. ఆమె వయసులో ఉన్నప్పుడు ఒక నూలు మిల్లులో దారం చుట్టే రీలింగ్ పని చేసింది. ఆ మిల్లు మూతబడి చాలా కాలమైంది. గోడలు, రేకుల కప్పు, ఒక వాచ్‌మన్, అంతే మిగిలాయి.

"ఆ మిల్లు సచ్చింది గదరా. కడసారి సంగు కూత వేసి గేటు మూసేసిరి. దానికోసం ఎవరేడ్చిరి? ఒక్కరూ ఏడవలేదు. అదీ చావు ఇల్లే దా. నన్ను ఆడకి పిల్చుకుపో. ఉండేదంతా పాడేస్తా" అంది.

అన్న మా ఇంటి వాకిట్లోకి వచ్చి ఈ మాట చెప్పినప్పుడు ఆయన ముఖం మీరు చూడాల్సింది. కరెంటు ఆపే రోజు కోసం కూడా ఆగక్కర లేదు, ఆ మిల్లులో మోత చేసేది ఏదీ లేదు. వాచ్‌మన్ సరేనన్నాడు. చిన్నమ్మకు కూర్చునేకి దిండు, తాగేకి వేడినీళ్ళు, అన్నీ అనుకున్నాము. "ఈ క్యాసెట్ అయితే నా పని అయినట్టే మా" అన్నారు. రోజు కూడా ఖాయమైంది, వచ్చే బుధవారం. అంతలోనే ఆ శనివారం వచ్చింది.

'నా పని అయినట్టే' అన్న ఆ మాటను నేను చాలాసార్లు మనసులో తిప్పుకున్నాను. మోటార్లు ఎవరివి వాళ్ళకు ఇచ్చేశాము. ముందు గది తాళం వదిన దగ్గర ఉంది. ఆమె ఆ తలుపు తెరవడం లేదు. ఉన్న పాటలు ఫోన్లలో ఉంటాయి. కొత్తవి రావు. చేసేకి మనిషి లేడు. రోజూ సన్నిధిలో నిలబడతాను. ఏం అడగాలో తెలియక తీర్థం తీసుకుని వచ్చేస్తాను.

అన్న పోయిన ఆ శనివారం మధ్యాహ్నం చిన్నమ్మను కారులో తెచ్చారు. ఇద్దరు పట్టుకుంటే దిగింది. అన్న ముఖం తడిమి చూసింది. తరువాత ఆడవాళ్ళు కూర్చున్న చోటికి వచ్చి మధ్యలో కూర్చుంది. ఒక చెయ్యి వదిన భుజం మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసింది. మేమంతా దగ్గరికి జరిగి ఒకరి భుజాలు ఒకరం పట్టుకున్నాము. ఆమె ఎత్తింది.

"ఏ ఊరు పోతివిరా కొడకా, నీళ్ళు కాచి పెట్టినాను..."

ఆ వయసులో అంత గొంతు ఎక్కడ నుంచి వచ్చిందో. వాకిట్లో కుర్చీల్లో ఉన్న మగవాళ్ళు లేచి గుమ్మం దగ్గరికి వచ్చారు. ఆ ఒక్క వరస పాడి ఆమె ఆగింది. ఎందుకు ఆగిందో నాకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ అదే వరస ఎత్తి మళ్ళీ ఆగి, చుట్టూ మా ముఖాలు చూసింది. అప్పుడు తెలిసింది. ఆ పాట ఒకరు పాడేది కాదు. ఒకరు అడగాలి, మిగతావాళ్ళు బదులు పాడాలి. బదులు వస్తేనే రెండో వరస ఎత్తేకి అవుతుంది. ఆ బదులు వదినకు రాదు. నాకు రాదు. మా వీధి ఆడవాళ్ళు, అవినాశి నుంచి వచ్చిన తోడికోడళ్ళు, ఎవరికీ రాదు. అందరం ఆమె నోటి వైపే చూస్తున్నాము.

మూడోసారి గొంతు తగ్గించి, చిన్నపిల్లలకు పాఠం అందించినట్టు పాడింది. ఎవరూ అందుకోలేదు. వదిన తమ్ముడు ఫోన్ ఎత్తి రికార్డు చేశాడు. తరువాత విన్నాను. అందులో ఆ ఒక్క వరస మూడుసార్లు ఉంది. మధ్యలో ఎవరో ముక్కు చీదిన చప్పుడు ఉంది.

ఇక ఉండలేక వెనక కూర్చున్న పొరుగింటి తమిళ ఆవిడ తమ భాషలో ఒప్పారి ఎత్తింది. దానికి బదులు అందరికీ వచ్చు. ఒక్క గొంతుగా అందుకున్నాము. వదినకు అప్పుడే మొదటిసారి కన్నీళ్ళు వచ్చాయి. నేనూ పాడాను. చిన్నమ్మ మా భుజాల మీద చేతులు తీయలేదు. నోరు గట్టిగా మూసుకుని, కళ్ళు అన్న మీదే పెట్టి, మా పాటకు మాతో పాటు ఊగుతూ ఉంది.