దీక్ష బనియన్

పెళ్లికి ముందు నేను నా చేతులారా తెచ్చుకున్న విపత్తు ఒకటి చెప్తాను. మీరు కడుపుబ్బా నవ్వండి. ఆ రోజుల్లో నేను మాత్రం కుట్లు ఊడతాయేమోనని నవ్వడానికి కూడా భయపడ్డాను.

నాది మిర్యాలగూడ, రైస్ మిల్లులో సూపర్‌వైజర్‌ని. మనిషిని సన్నమే గానీ, ఛాతీ దగ్గర మాత్రం దేవుడు ఎవరికో పంపాల్సిన పార్సిల్ నాకు పంపాడు. వదులు చొక్కాలతో ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను. ఇంతలో కోదాడ సంబంధం కుదిరింది. అమ్మాయి నాకు తెగ నచ్చింది. చిక్కల్లా నలుగు దగ్గరే. చొక్కా విప్పి పీట మీద కూర్చుంటే వదినలు పసుపు రుద్దుతారు, ఫోన్లలో వీడియో తీస్తారు, అది సాయంత్రానికల్లా కోదాడ చేరుతుంది. అమ్మాయి చూసి ఈ పెళ్లి వద్దంటే? నాకు నిద్ర కరువైంది.

ఇంట్లో చెప్పకుండా సూర్యాపేట వెళ్లి ఒక డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన నొక్కి చూశాడు.

"గిది వట్టి కొవ్వు గాదు బాబూ, లోపల గ్రంథి పెరిగింది. సన్న పైపు పెట్టి గుంజితే కొవ్వు వస్తది, గ్రంథి రాదు. దానికి చిన్న కోత పెట్టాలె. నీకు రెండూ చేస్తే మంచిగుంటది."

"పైపొక్కటే పెట్టుండ్రి సార్. మచ్చ పడదు గదా?"

"గ్రంథి అట్లనే ఉంటది. మళ్ల నా దగ్గరికే వస్తవ్."

"పోనీ, కోతొక్కటే?"

"చుట్టూ కొవ్వు, నడుమ గుంత. బాగుంటదా?"

"దేనికైతే పసుపు మండదు సార్?"

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. ఆ ప్రశ్న ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదట.

వంకాయల బేరంలా చాలాసేపు సాగదీసి, చివరికి రెండింటికీ ఒప్పుకున్నాను. ఆపరేషన్ సాఫీగా అయింది. మెలకువ వచ్చేసరికి ఒంటికి నల్లటి బిగుతు బనియన్, పక్కన కొక్కేలు. ఊపిరి పీల్చాలంటే దాని అనుమతి తీసుకోవాలి.

"నెలన్నర దాకా దీన్ని ఇడువొద్దు, స్నానానికి తప్ప," అన్నాడు డాక్టరు.

"నెలలోపే నా పెండ్లి సార్!"

"మచ్చ అడిగినవ్, పసుపు అడిగినవ్. గిది ఎందుకు అడగలే?"

చూశారా నా తెలివి! చొక్కా విప్పడానికని కోయించుకుంటే, ఇప్పుడు బనియన్ కూడా విప్పే వీలు లేదు.

ఇంటికెళ్లగానే అమ్మ పట్టేసింది. "గీ నల్ల బనియనేందిరా? ఉడుకపోస్తలేదా?"

"దీక్షనే అమ్మా. పెండ్లయినంక గూడ కొన్ని దినాలు ఇప్పొద్దన్నడు స్వామి."

"ఏ స్వామిరా?"

"సూర్యాపేట స్వామి."

తెల్లారేసరికి వీధంతా పాకింది. పక్కింటి అత్త తన మొగుణ్ణి లాక్కొచ్చి, "తాగుడు మాన్పిస్తదా బిడ్డా నీ దీక్ష?" అని అడిగింది. మిల్లులో హమాలీలు నన్ను చూస్తే చెప్పులు విప్పుతున్నారు. అమ్మ ఇంట్లో గుడ్డు కూడా బంద్ చేసింది. డాక్టరేమో బాగా గుడ్లు తినమన్నాడు. బస్టాండు వెనక దొంగలా నిలబడి తినేవాణ్ణి.

ఆ వారమే కోదాడ నుంచి కాబోయే మామగారు దిగారు. దీక్షల పిచ్చోడికి పిల్లనివ్వనని చెప్పడానికే వచ్చారనుకున్నాను. ఆయన నన్ను గదిలోకి తీసుకెళ్లి, గడియ పెట్టి, నా చొక్కా పక్కకు తీసి కొక్కేలు తడిమారు.

"నిజం చెప్పు అల్లుడూ. పైపా, కోతా?"

"రెండూ మామయ్యా. అమ్మాయికి చెప్పకుండ్రి, మీ కాళ్లు మొక్కుత."

"నేనెందుకు చెప్తానయ్యా!" అంటూ ఆయన తన చొక్కా విప్పారు. లోపల అదే నల్ల బనియన్, సైజు మాత్రం పెద్దది. "కన్యాదానానికి నేనూ చొక్కా లేకుండా కూర్చోవాలి కదా. నెలన్నర సంగతి నేనూ అడగలేదు. ఇంట్లో ఈ బనియన్ ఏంటని మీ అత్తయ్య ప్రాణం తీస్తోంది. ఆ దీక్ష నియమాలేంటో జర చెప్పు, నేనూ పట్టానంటాను."

నలుగు నాడు దీక్ష పేరు చెప్పి పసుపు మొహానికీ చేతులకే పూయించుకున్నాను. పెళ్లిలో మామా అల్లుళ్లం ఒకే రకం బనియన్లతో కూర్చున్నాం. పంతులుగారు మా భక్తికి దండం పెట్టారు.

ఆ రాత్రి మా ఆవిడ నెమ్మదిగా అంది. "నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే. మీ బనియన్ చూడగానే తెలిసిపోయింది. మీ నోటితో మీరే చెప్తారేమోనని చూస్తున్నా."

సిగ్గుతో చచ్చిపోయాను. అందుకే అగ్నిసాక్షిగా చేసుకున్న భార్య ముందు ప్రమాణం చేశాను: ఇక నా ఒంట్లో ఏది తీయించుకున్నా ముందు ఆవిడకే చెప్తాను, కట్టు ఎప్పుడు విప్పాలో ముందే అడుగుతాను, దేవుడి మీదొట్టు, ఇంకో స్వామిని పుట్టించను.