రిలీవర్

మొన్న మా ప్లాంటులో ఆడవాళ్ళందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఇల్లూ ఉద్యోగమూ ఎలా సర్దుకోవాలో క్లాసు చెప్పించారు. చెప్పడానికి వచ్చినావిడ, పాత కోపాలు వదిలేయండి, మనసు తేలికపడుతుంది అంది. పక్కవాళ్ళు రాసుకున్నారు. నేను రాసుకోలేదు. ఒక కోపాన్ని ఆరేళ్ళు పెంచి పెద్దచేసినదాన్ని, నాకా చెప్పేది.

నాది పంపుహౌసు కంట్రోల్ రూములో పని. అక్కడ ఒక కట్టు ఉంది. తర్వాతి షిఫ్టు మనిషిని రిలీవర్ అంటాం. ఆ మనిషి వచ్చి రిజిస్టర్‌లో సంతకం పెట్టేదాకా కుర్చీలో ఉన్నవాళ్ళు కదలకూడదు. పంపులు ఎవరికోసమూ ఆగవు కాబట్టి ఆ కట్టు సబబే. అప్పట్లో నాది పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా. రెండింటికి రావలసిన రిలీవర్ మా వైపువాడే, తాతల నాడు శ్రీకాకుళం నుంచి ఈ హిందీ ఊరికి వచ్చిన కుటుంబం. నన్ను చెల్లెమ్మా అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. ఇన్‌చార్జి పదవికి ఆయన్ని కాదని నా పేరు పైకి పంపారని తెలిసిన వారం నుంచే ఆ అన్నయ్య ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు.

పట్టుకుందామంటే దొరకడు. గేటు దగ్గర రెండు కాకముందే పంచింగ్ చేసేవాడు, అంటే లెక్కప్రకారం టైముకి వచ్చినట్టే. తర్వాత క్యాంటీన్‌లో కూర్చుని, టీ తాగి, పేపరు తిరగేసి, రెండు నలభైకి తీరిగ్గా నడుచుకుంటూ వచ్చేవాడు. అగ్రికో కాలనీలో మా అమ్మాయిని చూసుకునే క్రెష్ రెండున్నరకి మూసేస్తారు. రోజూ ఆయా విసుక్కుంటూ నాకోసం ఆగేది. పిల్లకి అప్పుడు నాలుగేళ్ళు. మా ఆయనది రైల్వే, బండెక్కితే రెండు రోజులకి గానీ దిగడు.

ఒక మే నెల మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి మూడు దాటింది. క్రెష్‌కి తాళం వేసి ఉంది. ఆయా తన పిల్లల్ని బడి నుంచి తెచ్చుకోవాలని, ఎదురుగా ఇస్త్రీ బండి ఆవిడకి ఒక మాట చెప్పి వెళ్ళిపోయింది. నా కూతురు మెట్ల మీద కూర్చుని ఉంది. గౌను ఉచ్చకి తడిసి, ఆ ఎండకి మళ్ళీ ఆరిపోయింది. నన్ను చూడగానే, "మమ్మీ, మైఁ రోయీ నహీఁ" అంది, తను ఏడవలేదట. ఏడ్చి ఉంటే నాకు అంత మండేది కాదు.

మర్నాడు ఆయన్ని నిలదీశాను.

"ఏటి చెల్లెమ్మా, నాను గేటుకి టైముకే వత్తన్నాను గదా. ఒక్క పిల్లనే సూసుకోలేకపోతన్నావు, రేపు పదిమందినేటి సూత్తావు?" అన్నాడు.

అదే మాట పైవాళ్ళ చెవిలోనూ వేశాడు. ఆ ఏడాది పదవి నాకు రాలేదు. నేను గొడవ పెట్టుకోలేదు, గుర్తు పెట్టుకున్నాను.

నాలుగేళ్ళకి పదవి వచ్చింది, దాంతో డ్యూటీ చార్టు రాసే పనీ నాదయింది. అదను కోసం ఇంకో రెండేళ్ళు చూశాను. చివరికి ఆయనే నా టేబుల్ ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"మీ వదిన పాత ఆస్పత్రిలోనే మళ్ళీ నర్సుగా సేరింది చెల్లెమ్మా. దాని డ్యూటీ మూడింటి నుంచి. సిన్నదానికి మూడేళ్ళే. నాకు పొద్దుటి షిఫ్టు ఇత్తే, రెండున్నరకి ఇంటికెళ్ళి పిల్లని సూసుకుంతాను."

సంతోషంగా ఇచ్చాను. ఆయన పేరు కింద రిలీవర్ గడిలో నా పేరు రాసుకున్నాను. మనుషులు తక్కువగా ఉన్నారు, ఇన్‌చార్జి అయినా కుర్చీలో కూర్చోవలసిందే, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

మొదటిరోజు నుంచే రెండు కాకముందు పంచింగ్ చేసి క్యాంటీన్‌లో కూర్చున్నాను. అబద్ధమెందుకు, ఆ టీ అంత రుచిగా నేనెక్కడా తాగలేదు. రెండు నలభైకి వెళ్ళేసరికి ఆయన బ్యాగు భుజానికి తగిలించుకుని తలుపు వైపే చూస్తుండేవాడు. నేను కళ్ళజోడు తుడుచుకుని, రిజిస్టర్‌లో ఆ షిఫ్టు రాతంతా ఒక్కొక్క అక్షరం చదివి, అప్పుడు సంతకం పెట్టేదాన్ని. ఆయన నోరెత్తలేదు. ఏ మొహంతో ఎత్తుతాడు? నెలన్నర అలా నడిపాను. రాత్రుళ్ళు హాయిగా నిద్రపట్టేది.

ఒక ఆదివారం సాక్చి కూరల బజారులో ఆయన భార్య కనిపించింది. చంకలో చిన్నది ఉంది.

"వదినా, నిన్ను కలవాలనే అనుకుంతన్నాను. ఈయన రిలీవరెవడో రోజూ లేటుగా వత్తన్నాడట. పేరడిగితే సెప్పడు. ఆడింట్లో ఆడోళ్ళు లేరా? నువ్వు ఇన్‌చార్జివి గదా, ఆడికి గట్టిగా సెప్పు. నన్ను వార్డుకి పెద్ద సిస్టర్ని సేత్తామన్నారు. రోజూ లేటుగా వత్తన్నానని ఆ పని ఇంకొకామెకి ఇచ్చీసినారు."

ఆయన నా పేరెందుకు దాచాడో నాకు తెలుసు. అది చెబితే ముందు తన సంగతి చెప్పుకోవాలి. అలా దాచుకునే వీలు ఆయనకి ఎందుకివ్వాలని నేనే చెప్పేశాను. ఆ రిలీవర్‌ని నేనేనని, ఎందుకు చేశానో, మొత్తం. తిడుతుందనుకున్నాను. తిడితే అనడానికి నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి.

ఆవిడ తిట్టలేదు. చిన్నదాన్ని రెండో చంకకి మార్చుకుంది.

"ఆయన సేసింది తప్పే వదినా. ఇంటికెళ్ళి అడుగుతాను, ఒగ్గను. మరి నువ్వు నన్నెందుకు ఆపినావు?" అంది.

కొన్న కూరలు తీసుకుని ఆవిడ ఆటో ఎక్కి సోనారిలో వాళ్ళింటికి వెళ్ళిపోయింది.

సోమవారం రెండింటికి పది నిమిషాల ముందే వెళ్ళి సంతకం పెట్టాను. ఆయన మీద కోపం ఇవాళ్టికీ అలాగే ఉంది, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు. ఆవిడ మాత్రం ఆ వార్డులో ఇప్పటికీ ఇంకొకామె చేతికిందే పనిచేస్తోంది.